తలుపు పట్టుకున్న చెయ్యి

ఫిబ్రవరి 9, సోమవారం

మనసులో ఏదైనా మెదిలితే గంటతో చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవాల్సింది గంట గురించే. అందుకని ఈ డైరీ. మందుల కంపెనీవాళ్ళు కొత్త సంవత్సరానికి నేను పనిచేసే పళ్ళ క్లినిక్‌లో ఇచ్చిపోయింది, ఎవరికీ పట్టక సొరుగులో పడి ఉంది. జనవరి అంతా ఖాళీ.

బడిలో ఇంటర్వెల్ బెల్లు కన్నా ముందు దాని గొంతు వినబడేది. అందుకే గంట. మా నలుగురిలో ఒకతి నిజంగానే పంతులమ్మ అయింది, దాన్ని అలాగే పిలుస్తాం. ఇంకొకతి పొట్టి. నేను కాకిని. ఎందుకో రాయనక్కర్లేదు, ఇంట్లో అద్దం ఉంది. ఫోన్‌లో మా గ్రూపు పేరు 'ఆఖరి బెంచీ'. మోకాళ్ళ నొప్పులు, మొగుళ్ళ మీద చాడీలు, ఎవరి బీరువాలో ఏ చీర ఉందన్న సంగతులు. ఇన్నేళ్ళూ అవే.

ఏడాదిగా గంట పెట్టేవి మారాయి. 'మన గడప' అని ఒక సంఘం పుట్టింది కదా, గంట భర్త మా పేటకి దాని కార్యదర్శి. మా క్లినిక్‌కి ఎదురుగా టైర్ల దుకాణం ఆయనదే. నేను అన్నయ్యగారూ అంటాను. బయటి దేశాలనుంచి ఎవరొచ్చారు, వాళ్ళ రంగేమిటి, ఎంతమందిని కంటున్నారు, వాళ్ళవల్ల మనకి ఏం దొరక్కుండా పోతోంది — పొద్దున్నే ఫోను చూస్తే ఇవే. ఈరోజు ఒక బొమ్మ. గుమ్మం ముందు కోతులు బారులు తీరి నిలబడ్డాయి. కింద, 'మీ అబ్బాయి ఉద్యోగం కోసం వచ్చామండీ' అని. పొట్టి పడీపడీ నవ్వే బొమ్మ పెట్టింది. పంతులమ్మ ఏమీ పెట్టలేదు. నేను 'గుడ్ మార్నింగ్' పెట్టాను. అది ఆ బొమ్మకి కాదు. మామూలుగా.

మా ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ గంట వార్డు బయట వరండాలో కటిక నేల మీద పడుకుంది. ఆయన పోయిన రోజు నాకు అన్నం కలిపి పెట్టింది. అది మర్చిపోతే నేను మనిషినే కాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

గ్రూపు మోత కాస్త ఆపేశాను. ఒక్క వారమే. చార్జింగ్ ఊరికే అయిపోతోంది.

ఫిబ్రవరి 12, గురువారం

ఈరోజు ఏడేళ్ళ పిల్ల నా బొటనవేలు కొరికింది. రక్తం కారేలా.

మా క్లినిక్‌లో ఏసీలు బాగుచేసే మెకానిక్ కూతురది. వాళ్ళది వేరే దేశం, వచ్చి ఐదారేళ్ళయింది. బాగా నల్లటి మనిషి, పొడగరి, ఎప్పుడూ ఆ పనిముట్ల వ్యాను. మన భాష ఎవరి దగ్గర నేర్చుకున్నాడో గానీ 'నువ్వు' అనే మాట ఒక్కటి నేర్చుకోలేదు. అందరూ 'మీరే'. కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, "మీరు ఏడవకండి. మీరు ధైర్యవంతులు కదండీ" అంటున్నాడు. డాక్టరమ్మ మాస్కు కింద నవ్వాపుకోవడం చూశాను.

పాలపన్నే గానీ అడుగున చీము పట్టింది. మత్తు సూది పడ్డాక పిల్ల పెదవి తడుముకుని, "నా మూతి ఎటు పోయింది?" అని ఒకటే ఏడుపు. డాక్టరమ్మ మాటల్లో పెట్టి పన్ను లాగేసింది. నేను దూది నొక్కిపెట్టబోతే, దూదేదో వేలేదో తెలియక కసుక్కున కొరికింది. గ్లౌజు చిరిగి వేలు తెగింది. దాని గౌను ముందువైపు రక్తపు మరకలు, అందులో కొంత నాదీ.

ఇక పన్ను కోసం పేచీ. అది అప్పటికే చెత్తబుట్టలోకి పోయింది. "నా పన్ను ఇవ్వకపోతే నేను రాను" అని నేలమీద దొర్లింది. వాళ్ళ నాన్న ఎత్తి భుజాన వేసుకున్నాడు. నేను వేలికి దూది చుట్టుకుని తలుపు తెరిచి పట్టుకున్నాను. పిల్ల అతని వీపుమీద పిడిగుద్దులు గుద్దుతూ "నేను రాను, నేను రాను" అని వీధి వీధంతా ఏకం చేసింది. అతను వ్యానులో కూర్చోబెట్టి, నావైపు తిరిగి, "వేలుకి క్షమించండి" అన్నాడు.

ఇంటికొచ్చి మామయ్యకి చెప్తే నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. "పళ్ళ ఆస్పత్రిలో పనిచేస్తూ పళ్ళతోనే దెబ్బ తిన్నావా అమ్మాయ్!" అని. కొడుకు పోయాక ఆయన అంతలా నవ్వడం తక్కువ.

ఫిబ్రవరి 13, శుక్రవారం

సాయంత్రం గుమ్మంలోనే మామయ్య ఫోను పట్టుకుని ఎదురొచ్చారు. "చూశావా, పట్టపగలు పిల్లనెత్తుకుపోతున్నాడు. నల్లోడు. మన పేటలోనేనట!"

చూశాను. అద్దాల తలుపు. భుజాన పిల్ల, గౌను మీద రక్తం. 'నేను రాను, నేను రాను.' వ్యాను తలుపు పడింది, అయిపోయింది. తలుపు అంచున ఒక చెయ్యి ఉంది, మోచేతి దాకా. బొటనవేలికి దూది.

కింద రాత: 'తల్లులారా, మీ పిల్లలెక్కడున్నారో చూసుకోండి. పోలీసులు పట్టించుకోరు. మనమే పట్టించుకోవాలి.'

"మామయ్యా, నిన్న చెప్పానే, వేలు కొరికిందని. ఆ పిల్లే. అతను వాళ్ళ నాన్న."

మామయ్య కళ్ళద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి. ముప్పై ఏళ్ళు బస్సు ఇలాగే నడిపారా అంటే, రోడ్డు నాకు బట్టీ అంటారు. మళ్ళీ చూసి, "అవునా? మరి కింద అలా రాశారే?" అన్నారు.

"తెలియక రాశారు."

"తెలియకుండా ఎందుకు రాస్తారమ్మా!"

గ్రూపులో అదే వీడియో. పెట్టింది గంట. 'మన వీధిలోనే! నా ఒళ్ళు వణుకుతోంది' అని. పొట్టి, 'అయ్యో దేవుడా, దొరికితే చర్మం ఒలిచెయ్యాలి' అంది. నేను ఏదో రాశాను. చెరిపాను. మళ్ళీ రాశాను. చార్జింగ్ కూడా తక్కువ ఉంది. రేపు గంట ఎలాగూ వస్తుంది. ఇలాంటివి ఎదురుగా చెప్పుకోవడమే పద్ధతి.

వీడియోలో ఒక మూల టైర్ల దొంతర కనబడుతోంది. టైర్లు ఎక్కడైనా ఉంటాయి.

ఫిబ్రవరి 14, శనివారం

గంట వచ్చింది. నా మోకాళ్ళకని ఏదో నూనె తెచ్చింది. తనకి పనిచేసిందట. కూర్చోగానే నా కాలు ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలెట్టింది, నేను వద్దంటున్నా వినకుండా. అలా కాలు దాని చేతిలో ఉండగానే చెప్పాను.

"ఒసే, ఆ వీడియోలో ఉన్నది వాళ్ళ నాన్నే. పిల్లకి పన్ను పీకించుకుని వెళ్తున్నాడు. నేనక్కడే ఉన్నాను."

గంట చేయి ఆగింది. మళ్ళీ కదిలింది. "నిజమా?"

"నిజమా ఏంటే, నా వేలు చూడు."

వేలు చూసింది. "అయ్యయ్యో, సెప్టిక్ అవుతుందేమో. వాళ్ళ నోట్లో ఏమేం ఉంటాయో ఏమో. సూది వేయించుకున్నావా?"

"గంటా, ఆ వీడియో అబద్ధం."

"సరేలే, ఇది అబద్ధమే అనుకో. ఇంకెక్కడో నిజంగా జరుగుతూనే ఉంటుంది కదా. జనం జాగ్రత్త పడతారు, అంతేగా. జాగ్రత్త పడితే పోయేదేముంది?"

"అతని ముఖం కనబడుతోందే అందులో."

గంట నూనె సీసా మూత బిగించింది. "సరే, తీసేస్తాలే. నువ్వింత బాధపడుతుంటే నాకు మాత్రం బాగుంటుందా?"

చూశావా, గంట అంటే అదీ. చెప్తే వింటుంది.

ఫిబ్రవరి 15, ఆదివారం

తీయలేదు. మర్చిపోయి ఉంటుంది. ఆదివారం వాళ్ళింటినిండా జనం.

ఫిబ్రవరి 16, సోమవారం

క్లినిక్‌కి ఫోన్లు. 'పిల్లల్ని అమ్మేది మీరేనా' అని ఒకడు. ఇంకో ఆవిడ మర్యాదగా, పన్ను సర్దించుకునే అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుంటున్నానని. పేషెంట్లు అభిప్రాయాలు రాసేచోట ఎన్నడూ మా గడప తొక్కనివాళ్ళు కూడా రాశారు. ఒకడి లెక్కన మేం మత్తు ఇచ్చి కిడ్నీలు తీస్తామట. పళ్ళ డాక్టరు దగ్గర కిడ్నీ ఎటునుంచి తీస్తారని నేనూ రిసెప్షన్ అమ్మాయీ నవ్వుకున్నాం. తర్వాత ఫోను మోగితే ఎవరమూ ఎత్తలేదు.

డాక్టరమ్మ తలుపు వేసి చెప్పింది. "పేషెంట్ల సంగతులు మనం బయట మాట్లాడకూడదు. ఎవరడిగినా తెలియదని చెప్పండి."

ఒక్కసారిగా తేలికైపోయింది. రూలంటే రూలే. నేను కల్పించింది కాదు కదా.

ఫిబ్రవరి 17, మంగళవారం

మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. పేషెంట్లు కూర్చునేచోట కూర్చోలేదు, కూర్చున్న ఇద్దరూ తనని చూసి ఫోన్లు తీయడం చూసి. పరికరాలు కడిగే గది దాకా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ వేలు నొప్పి తగ్గిందా అండీ?"

తగ్గిందన్నాను. వ్యాను ముందద్దం పగలగొట్టారట. ఏసీ పనికి పిలిచినవాళ్ళు గుమ్మంలోంచే పంపేస్తున్నారట. అన్నీ ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పాడు.

"శనివారం గడపవాళ్ళు మీటింగ్ పెడుతున్నారు. నేను వెళ్తే నన్ను మాట్లాడనివ్వరు. డాక్టరుగారి కాగితం చూపిస్తే దొంగ కాగితం అంటారు. మా అమ్మాయి పన్ను గురించి మీరు చెప్పచ్చు, నేను ఒప్పుకుంటున్నాను. మీరు చెప్పండి."

"నేను చెప్తే మాత్రం వింటారా?"

"మీరు వాళ్ళ మనిషి కదండీ."

అతను మర్యాదగానే అన్నాడు. నాకు ఎందుకో ఒళ్ళు మండింది. వాళ్ళ మనిషినా? నేను ఎవరి మనిషినీ కాను. పొద్దున్నే లేచి, మామయ్యకి మందులిచ్చి, పదిమంది నోళ్ళలో గొట్టం పెట్టి ఉమ్ము లాగి, ఇంటికెళ్ళి పడుకునే మనిషిని.

"డాక్టరమ్మని అడిగి చెప్తాను" అన్నాను.

"అడగండి" అని వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మని అడగలేదు. ఆవిడ హడావిడిలో ఉంది.

ఫిబ్రవరి 18, బుధవారం

ఈరోజు కూడా హడావిడిలోనే ఉంది.

ఫిబ్రవరి 19, గురువారం

పొట్టి గ్రూపులో పెట్టింది: 'ఈరోజు మేం ఊరుకోలేదు. స్కూలు గేటు దగ్గర వాడి చేతిలోంచి పిల్లని లాగేశాం.'

వాళ్ళ నాన్న చేతిలోంచి.

రిసెప్షన్ అమ్మాయి చెల్లెలు అదే బడిలో పనిచేస్తుంది. ఆ చెల్లెలు చెప్పిందాన్ని బట్టి: బడి వదిలారు. మెకానిక్ కూతురి చెయ్యి పట్టుకుని బయటికొచ్చాడు. నలుగురైదుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. "భయపడకమ్మా, నిజం చెప్పు, వీడెవడు?" అని పిల్లని అడిగారు. "నాన్న" అంది. "అలా చెప్పమన్నాడా?" అన్నారు. పిల్ల ఏడ్చింది. ఏడుస్తోందంటే భయపెట్టాడన్నమాటేగా అన్నారు. లాగారు. అతను వదల్లేదు. వెనకనుంచి ఎవడో హెల్మెట్‌తో కొట్టాడు. కనుబొమ్మ చీలింది. బడి హెడ్‌మిస్ట్రెస్ పరుగెత్తుకొచ్చి, ఈయన మా స్కూలు పిల్ల తండ్రి అని అరిచేదాకా వదల్లేదట. అరిచాక కూడా, "ఏమో, మీరూ వాడూ ఒకటేనేమో" అందట ఒకావిడ. అది పొట్టి కాకూడదని కోరుకుంటున్నాను. అడగలేదు.

గంటకి ఫోన్ చేశాను.

"దెబ్బ తగలడం తప్పేనే. నేనూ ఒప్పుకుంటాను. కానీ జనం ఎంత విసిగిపోతే అలా చేస్తారో కూడా ఆలోచించాలి కదా."

"నువ్వు తీసేస్తానన్నావు."

"తీసేశానే! నా ఫోన్‌లోంచి ఆ రోజే తీసేశాను."

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాను.

"అయినా నువ్వెందుకే ఇంత ఇదైపోతున్నావు? వాళ్ళు మనకి చుట్టాలా పక్కాలా? నిన్నేమైనా అంటున్నామా?"

"నన్ను కాకి అంటారుగా."

"ఓసి పిచ్చిదానా, అది ముద్దుకి! చిన్నప్పటినుంచీ అంటున్నాం, ఎప్పుడైనా బాధపడ్డావా నువ్వు?"

లేదన్నాను.

లేదన్నాను.

ఫిబ్రవరి 21, శనివారం

మామయ్యకి మీటింగ్ సంగతి చెప్పి వెళ్తున్నానంటే, నేనూ వస్తానని చొక్కా మార్చుకున్నారు. "నువ్వేం మాట్లాడక్కర్లేదు, విని వచ్చేద్దాం" అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

అపార్ట్‌మెంట్ల కింద హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి తెల్ల దుప్పటి, దాని మీద బొమ్మలు వేసే యంత్రం. పదకొండు గంటల ఎండ కిటికీల్లోంచి పడుతుంటే బొమ్మలు సరిగ్గా కనబడక ఎవరో కర్టెన్లు వేశారు. కిరాణా కొట్టావిడ, మా బ్యాంకు క్లర్కు, మా ఆయనకి చివరి రోజుల్లో ఆక్సిజన్ సిలిండరు మోసుకొచ్చిన కుర్రాడి తండ్రి. అందరూ తెలిసినవాళ్ళే. రాక్షసులెవరూ లేరు. వెతికాను కూడా.

అన్నయ్యగారు అరవరు. మెత్తగా మాట్లాడతారు. "మనకెవరి మీదా ద్వేషం లేదు. మన ఇంటి తలుపు మనం వేసుకోవడం ద్వేషమవుతుందా?" అన్నారు. జనం తలలూపారు. చెప్పొద్దూ, మొదట నా తలా కాస్త ఊగింది. తర్వాత వీడియో వేశారు. దుప్పటి మీద నా చెయ్యి మనిషంత పొడవుంది.

ఎప్పుడు లేచానో తెలియదు. "ఆ చెయ్యి నాది" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. అన్నయ్యగారు యంత్రం ఆపించి, "ఏంటమ్మా?" అన్నారు.

"తలుపు పట్టుకున్న ఆ చెయ్యి నాదండీ. అతను ఆ పిల్ల తండ్రి. ఆ రోజు పన్ను పీకారు. పిల్ల నా వేలు కొరికింది, ఇదిగో, ఇంకా మానలేదు. పన్ను తనకిచ్చేదాకా రానని ఏడ్చింది. ఎవరూ ఎవర్నీ ఎత్తుకుపోలేదు."

వేలు చూపిస్తూ నిలబడ్డాను. బడిలో అల్లరి చేసినందుకు నిలబెట్టినట్టు. ఎవరో కిసుక్కుమన్నారు. వెనకనుంచి ఒక గొంతు, "ఎంతిచ్చారు నీకు?" అంది. ఇంకొకరు, "వారం నుంచి ఏం చేస్తున్నావు మరి?" అన్నారు.

అప్పుడు గంట లేచింది. నా దగ్గరికి వచ్చి భుజం చుట్టూ చెయ్యి వేసింది. హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. గంట అందరివైపు తిరిగి, "ఏమీ అనుకోకండి. మొగుడు పోయినప్పటినుంచి పాపం దానికి మనసు కుదురుగా ఉండటం లేదు. ఎవరు ఏం చెప్తే అది నమ్మేస్తుంది" అంది. అంటూ నా వీపు నిమురుతోంది. వార్డు బయట నిమిరినట్టే. అదే చెయ్యి.

హాలంతా అయ్యో అంది. నా మీద జాలి.

మామయ్య కుర్చీ పట్టుకుని లేచారు. కళ్ళద్దాలు ముక్కుమీదకి లాక్కున్నారు. "పోయినవాడు నా కొడుకు. మతి పోవాలంటే ముందు నాకు పోవాలి. మా కోడలికేం కాలేదు. అది అబద్ధమాడితే రెండో టీకి పాలు లేవని ఆడుతుంది, అంతే. పిల్ల కొరికిందని ఆ రోజే నాకు చెప్పింది, నేను నవ్వాను. మర్నాడు ఇది చూసి, అదీ ఇదీ ఒకటేనని కోడలు చెప్పాక కూడా, మళ్ళీ నేనే నా పాత డ్రైవర్లందరికీ పంపాను. కింద రాసి ఉంది కదా అని! అక్షరం ముక్క రానివాణ్ణైనా బాగుండేది."

కొందరు లేచి వెళ్ళిపోయారు. మా మాట నమ్మారో, మాతో విసిగిపోయారో, తెలియదు. అన్నయ్యగారు, "విన్నామమ్మా. విచారిస్తాం. కూర్చోండి" అని, తర్వాతి బొమ్మ వెయ్యమన్నారు.

వేశారు.

ఫిబ్రవరి 22, ఆదివారం

గ్రూపులోంచి నన్ను తీసేశారు. తీసింది పొట్టి.

పంతులమ్మ విడిగా మెసేజ్ పెట్టింది. 'బాగా మాట్లాడావే. నేనూ వెనక వరసలో ఉన్నాను. నేను చూశానని ఎవరితోనూ అనకు.'

ఫిబ్రవరి 24, మంగళవారం

ఫోన్‌లో నా ఫోటో తిరుగుతోంది. 'ఇల్లు అమ్ముకున్నది' అని పేరు పెట్టారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా రంగు గురించి, నా వైధవ్యం గురించి, నల్లోడితో నాకున్న సంబంధం గురించి రాశారు. ఒకడు, 'దీని మొహం చూస్తేనే తెలుస్తోంది, ఇదీ వాళ్ళ జాతే' అన్నాడు. మొన్నటిదాకా మన మనిషిని. ఇప్పుడిది.

చదవకూడదనుకుంటూనే అన్నీ చదివాను. చదవకపోతే ఇంకా ఘోరంగా ఊహించుకుంటానని.

ఆ ఫోటో పంతులమ్మ కూతురి పుట్టినరోజుది. గంటా నేనూ పక్కపక్కన నిలబడ్డాం. గంటని కత్తిరించేశారు. నా భుజం మీద దాని వేళ్ళు మాత్రం మిగిలాయి. ఆ ఫోటో మా నలుగురి ఫోన్లలో తప్ప ఎక్కడా లేదు.

ఎవరు ఇచ్చి ఉంటారు అని ఆలోచించడం లేదు.

డాక్టరమ్మ కొన్నాళ్ళు రావద్దంది. "నీ తప్పని కాదు. నన్నడిగి చేసి ఉంటే బాగుండేది" అంది. నిజమే. అడగకుండానే రోజులు గడిపాను కదా, హడావిడిలో ఉందని.

ఫిబ్రవరి 26, గురువారం

పోలీస్ స్టేషన్‌లో నేను చెప్పింది రాసుకున్నారు. ఇన్‌స్పెక్టరు వేలు చూపించమన్నాడు. మానిపోయింది. చూపించడానికి ఏమీ లేదు. అయినా రాసుకున్నాడు. హెల్మెట్‌తో కొట్టినవాణ్ణి పట్టుకున్నారట, సాయంత్రానికి బెయిలు మీద వదిలేశారట.

మామయ్య వంట చేశారు. ఉప్పు రెండుసార్లు వేశారు. ఇద్దరం తిన్నాం.

మార్చి 2, సోమవారం

మెకానిక్ వాళ్ళు ఊరు విడిచి వెళ్ళిపోతున్నారని తెలిసి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. పరుపులు చుట్టేశారు. వ్యానుకి కొత్త అద్దం, దాని మీద అంటించిన కాగితం ఇంకా తీయలేదు. అతని కనుబొమ్మ మీద కుట్లు. పిల్ల లోపలి గదిలో ఉంది, నన్ను చూసి తలుపు చాటుకి పోయింది. బయటివాళ్ళెవరొచ్చినా ఇప్పుడంతేనట.

అతను టీ ఇచ్చాడు. మీటింగ్‌లో మాట్లాడినందుకు థాంక్స్ చెప్పాడు. చెప్పాల్సిన పద్ధతి కాబట్టి చెప్పాడు. అతని భార్యని నేను అప్పుడే చూడటం. గిన్నెలకి కాగితాలు చుడుతోంది. తల ఎత్తకుండా అడిగింది. అతని భాషకన్నా ఆవిడ భాష బాగుంది.

"మీకు శుక్రవారమే తెలుసు కదా?"

"తెలుసు."

"మరి శనివారం దాకా ఎందుకు ఆగారు? మొదటి శనివారం కాదు. రెండో శనివారం."

ఫోన్‌లో చార్జింగ్ లేదని నోటిదాకా వచ్చింది. ఆ మాట వచ్చినందుకే సిగ్గేసింది. "భయమేసింది" అన్నాను.

"ఎవరంటే?"

"మా ఫ్రెండంటే."

ఆవిడ అప్పుడు తలెత్తింది. కొట్టేవాళ్ళంటే భయం అంటానని అనుకున్నట్టుంది. కాసేపు చూసి, ఇంకో గిన్నె అందుకుంది. నేను కాగితం తీసుకుని చుట్టడం మొదలెట్టాను. వద్దనలేదు. అన్నీ అయ్యేదాకా చుట్టాం.

మార్చి 5, గురువారం

మామయ్య ఫోన్‌లో మళ్ళీ వచ్చింది. ఎవరో పాత డ్రైవరు పంపాడు. అదే తలుపు, అదే పిల్ల, అదే చెయ్యి. ఈసారి వేరే ఊరి పేరు.

"అబద్ధమని రాసి పంపాను" అన్నారు మామయ్య. "వాడు నన్నే తిట్టాడు. ఇంకోడికీ పంపాను. రోజంతా ఇదే పని అయిపోయింది."

పొద్దున్నుంచీ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నారు. టీ రెండోసారి కూడా ఇచ్చాను.

మార్చి 7, శనివారం

డాక్టరమ్మ సోమవారం నుంచి రమ్మంది.

సాయంత్రం గంట వచ్చింది. మూడు అంతస్తులు ఎక్కి రొప్పుతూ గుమ్మంలో నిలబడింది. చిక్కింది. చేతిలో గిన్నె.

"లోపలికి రానిస్తావా, ఇక్కడే నిలబెడతావా?"

రానిచ్చాను. కూర్చుంది. గిన్నె బల్ల మీద పెట్టింది. మామయ్య లేచి లోపలికి వెళ్ళిపోయారు, పలకరించకుండా.

"ఫోటో ఇచ్చింది నేను కాదే. పిల్లల మీద ఒట్టు."

"సరే."

"ఆయన ఫోన్‌కి నా ఫోటోలన్నీ వెళ్తాయి. నాకేం తెలుసు?"

"సరేనే."

"సరే సరే అనకు! తిట్టు. కొట్టు. ఇన్నాళ్ళు మాట్లాడకుండా ఎప్పుడున్నామే మనం? నాకు అన్నం సహించడం లేదు." ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్నాను. దాని ఏడుపు నాకు తెలుసు, అందులో నాటకం లేదు. "ఈ రాజకీయాలు మన మధ్య వద్దే. మగవాళ్ళ గొడవలు మగవాళ్ళు చూసుకుంటారు. ఎప్పటిలా ఉందాం."

"ఒక్కటి చెయ్యి. ఆ వీడియో అబద్ధమని గ్రూపులో పెట్టు. మీటింగ్‌కి వచ్చినవాళ్ళకి పంపు. నాకు మతి పోలేదని కూడా రాయి. అప్పుడు ఎప్పటిలా ఉందాం."

గంట కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అదొక్కటి తప్ప ఏదైనా అడగవే. ఆయన పరువేం కావాలి?"

"ఇంకేమీ అక్కర్లేదు."

లేచింది. దాని మోకాళ్ళు ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు మొరాయిస్తాయి. మొదటి మెట్టు దగ్గరే గోడ పట్టుకుని ఆగిపోయింది. వెళ్ళి చెయ్యి అందించాను. ఒక్కో మెట్టే దిగాం, దాని బరువంతా నా మీద వేసి. మధ్యలో రెండుసార్లు ఆగి రొప్పు తీర్చుకుంది. చిన్నప్పటి సంగతేదో మొదలుపెట్టబోయి ఆపేసింది.

కింద గేటు దగ్గర నా చెయ్యి వదల్లేదు. "నన్ను క్షమించేయవే" అంది.

"నన్ను కాదే అడగాల్సింది."

"వాళ్ళు వెళ్ళిపోయారటగా. ఇంకెవర్ని అడగను?"

ఆ మాట అంటున్నప్పుడు దాని గొంతులో ఒక ఊరట వినబడింది. బడి రోజుల నుంచీ వింటున్న గొంతు, పొరబడే సమస్యే లేదు.

ఆటో వచ్చేదాకా చెయ్యి పట్టుకునే నిలబెట్టాను. ఎక్కించాను. మెల్లగా పోనివ్వమని డ్రైవరుకి చెప్పాను. పైకి వచ్చి, గిన్నె మూత తీయకుండా పక్కింటివాళ్ళకి ఇచ్చేసి, సోమవారానికి యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాను.